మూడో పిలుపు

మా వీధిలో దీపాలు పెట్టే వేళ దాటిందంటే ఆ గోరింట తుప్పల పక్కనించి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే గట్టిగా దగ్గుకుంటూ నడుస్తారు. ఆ చీకట్లోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే... తల తిప్పరు. పలకరు. నిలబడి వేళ్ళు ముడుస్తారు.

ఒకటి... రెండు... మూడో పిలుపు వస్తే మనిషి. రాకపోతే — అది.

"అది" అంటే ఏమిటని అడక్కండి. పొద్దుపోయాక దాని పేరెత్తే అలవాటు మాకు లేదు.

నా పేరు సంధ్యారాణి. చోడవరంలో, సరిగ్గా ఆ తుప్పలకి ఎదురిల్లు మాది. ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకున్నాను. తుప్పలకి అటు ఇంటివాళ్ళ జాకెట్లూ నేనే కుడతాను, ఇటు ఇంటివాళ్ళవీ నేనే కుడతాను. అందుకని రెండు వైపుల మాటలూ కొలతలతో సహా నా దగ్గరికే వస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది నేను దగ్గరుండి చూసింది కాదు. ఇద్దరు మగాళ్ళు, వాళ్ళ ఇద్దరు పెళ్ళాలు, నాలుగు రకాలుగా చెబితే విన్నది. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకున్న చోట కత్తిరించేసి, మిగిలిన ముక్కలు కలిపి కుట్టాను.

తుప్పలకి తూర్పున లక్ష్మీనరసింహం మాస్టారి ఇల్లు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. భార్య కనకవల్లిగారు, ఒక్కతే కూతురు శ్రీలలిత. పడమటి వైపు పరదేశి ఇల్లు. చెరుకు రైతు. నాకు వరసకి తమ్ముడు, నన్ను అప్పా అని పిలుస్తాడు. భార్య దుర్గాదేవి.

రెండిళ్ళ మధ్యా గోడ లేదు. ఉండకపోవడానికి కారణం పరదేశి తల్లి అచ్చియ్యమ్మ. మాస్టారు ఇల్లు కట్టిన కొత్తలో సరిహద్దు రాయి పక్కన గోడ లేపుదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "గోడెట్టేస్తే పిలుపు ఇనపడదు, నర్సింవం బాబూ" అంది. లక్ష్మీనరసింహం అన్న పేరు ఆవిడ నోట్లో అంతకన్నా పట్టలేదు. గోడకి బదులు గోరింట కొమ్మలు తెచ్చి వరసగా పాతింది. అవి నడుమెత్తు దాటకుండా ఏటా తనే కత్తిరించేది. మా వీధిలో ఏ పిల్లకి పెళ్ళయినా అరచేతుల్లో పండింది ఆ ఆకే.

పిలవడమంటే అచ్చియ్యమ్మకి పెద్ద పని. కూర గిన్నె ఇవ్వాలన్నా, కరెంటు ఉందా అని అడగాలన్నా, తుప్పల మీంచి మూడుసార్లు పిలిచేది. మూడుకి తక్కువ ఎప్పుడూ పిలవలేదు. వీధిలో పిల్లలందరికీ ఆ నియమం నేర్పింది కూడా ఆవిడే. "సీకటడ్డాక ఎవులు పిలిసినా మూడో పిలుపుకే పలకండర్రా. దానికి రెండు ఊపిర్లే ఉంటాయి. మూడోది మనిసికే ఉంటాది" అనేది. మేం పెద్దవాళ్ళమైపోయాం, పిల్లల్ని కన్నాం. ఆ నియమం మాత్రం వదల్లేదు.

రెండేళ్ళ కిందట అచ్చియ్యమ్మ పోయింది. జ్వరం వచ్చి మూడు రోజుల్లో, పెద్దగా ఎవర్నీ కష్టపెట్టకుండా పోయింది.

ఆ తర్వాత గోరింట మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఎందుకురా అని పరదేశిని అడిగితే, "కత్తెత్తితే సెయ్యి రాట్లేదప్పా" అన్నాడు. రోజూ చెరుకు నరికే చెయ్యి అది. నేనిక అడగలేదు.

తుప్పలకి ఆ బాధ లేదు కదా. అవి పెరిగాయి. నడుమెత్తువి తలెత్తు దాటాయి. కాగితం పూల తీగ ఎక్కడినుంచో వచ్చి ముళ్ళతో అల్లుకుంది. తిప్పతీగ చేరింది. సరిహద్దు రాయి ఎక్కడుందో కనిపించకుండా పోయింది. కిందటి వానాకాలానికి ఆ తుప్పలు మాస్టారి పెరట్లోకి చొరబడి బట్టలారేసే తీగని కూడా మింగేశాయి.

అప్పుడు మొదలైంది అసలు సంగతి.

మొదట చూసింది... చూడ్డం కాదు, విన్నది, కేబుల్ హరిబాబు. చీకటి పడుతూండగా తుప్పల పక్క స్తంభం ఎక్కి వైరు కట్టి దిగుతున్నాడట. లోపల్నించి సన్నగా "హరిబాబూ..." అని వినిపించింది. ఆగాడు. "హరిబాబూ..." మళ్ళీ వినిపించింది. మూడోది రాలేదు. హరిబాబు మాత్రం రోడ్డు మీదికొచ్చి పడ్డాడు. ఒక కాలి చెప్పు తుప్పల్లోనే ఉండిపోయింది. దానికోసం వెనక్కి వెళ్ళే ధైర్యం లేక, రెండో చెప్పు కూడా పారేసి కొత్త జత కొనుక్కున్నాడు.

తర్వాత తెల్లచీర. అది నేనే చూశాను. వెన్నెల రాత్రి కిటికీలోంచి చూస్తే తుప్పల నడుమ తెల్లగా ఏదో ఊగుతోంది. ఆగింది. నేను చూస్తున్నానని తెలిసినట్టు మళ్ళీ ఊగింది. కిటికీ రెక్క మూసేసి, ఏమీ చూడనట్టే పని చేసుకున్నాను. కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశానని మర్నాడు జాకెట్టు తొడుక్కున్నావిడ చెబితే గానీ తెలియలేదు.

అంతే, పేరు పడిపోయింది. ఆటోవాళ్ళు వీధి మొదట్లోనే దింపేసి వెళ్ళిపోవడం మొదలెట్టారు.

దెయ్యాలు లేవని ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మనిషి లక్ష్మీనరసింహం మాస్టారు. అయితే ఆయన చెప్పేది పగటిపూట. తుప్పలు కొట్టించమని పరదేశిని అడగాలనుకున్నారు. ఎదురుగా అడగడానికి మొహమాటం. నోటితో మెత్తగా ఉండే మనిషికి కాగితం మీద ఎక్కడలేని బలం వస్తుంది. కూర్చుని ఒక ఉత్తరం రాశారు. "మీ స్థలమందు పెరిగిన పొదలు మా స్థలములోనికి రెండడుగుల మూడంగుళముల మేర చొచ్చుకొని వచ్చినవి. ఈ ఉత్తరము అందిన పదిహేను దినములలోగా వాటిని తొలగించవలెను." ఇంతవరకూ పరవాలేదు. దాన్ని తీసుకెళ్ళి పక్కింటికి రిజిస్టర్ పోస్టు చేశారు.

పరదేశి సంతకం పెట్టి తీసుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, "తుప్పల మీంచి పరదేశీ అని ఓ కేకేస్తే రానా అప్పా? పోస్టులో పిలవాల్సినంత దూరంలో ఉన్నానేటి?" అన్నాడు. వాడికి కోపం కాదు, మనసు కష్టపడింది.

ఆ రోజు నించి రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. ఇప్పుడు తుప్పలు కొడితే ఉత్తరానికి లొంగినట్టు అని పరదేశి కొట్టడు. ఇప్పుడు నోటితో అడిగితే ఉత్తరం తప్పని ఒప్పుకున్నట్టు అని మాస్టారు అడగరు. ఎనిమిది నెలలు గడిచాయి. తుప్పలు ఇంకో అడుగు పెరిగాయి.

ఇంతలో శ్రీలలితకి పెళ్ళి కుదిరింది.

ఇక్కడొకటి చెప్పాలి. ఆ పిల్లని బడికి భుజాల మీద మోసుకెళ్ళింది పరదేశి. వానొస్తే గొడుగు పిల్లకి పట్టి తను తడిసేవాడు. లల్లి పెళ్ళికి నేను చెరుకు గడలు కట్టి పందిరి వేస్తానని ఆ పిల్లకి ఆరేళ్ళున్నప్పటి నుంచీ చెబుతున్నాడు. పెళ్ళి ఫంక్షన్ హాల్లోనే గానీ, శుక్రవారం పొద్దున పెళ్ళికూతుర్ని చేసేది ఇంటి దగ్గరే. పందిరి ఆ పెరట్లోనే పడాలి. పెరడంతా తుప్పలు.

శుభలేఖలు వీధిలో అన్నిళ్ళకీ వచ్చాయి. కనకవల్లిగారు బొట్టు పెట్టి మరీ పిలిచారు. ఒక్క ఇంటికి తప్ప. ఆ ఇంటి శుభలేఖ మీద పేరు రాసి, పసుపు అంటించి, మాస్టారి బల్ల మీదే పెట్టుకున్నారట. తను వెళ్ళి పిలిస్తే, పరదేశి ఆ రిజిస్టర్ పోస్టు కాగితం తీసి చేతిలో పెడతాడేమోనని ఆయన భయం. దీన్ని కూడా పోస్టులో వేస్తారేమోనని ఆవిడ భయం.

పరదేశి నెల ముందే దుర్గాదేవి జాకెట్టు గుడ్డ నాకు తెచ్చిచ్చాడు. ఆకుపచ్చ పట్టు. "లల్లి పెళ్ళికి అప్పా. పిలుస్తారులే. పిలవకుండా ఉంటారేటి?" అన్నాడు. బుధవారం మళ్ళీ వచ్చాడు. "ఆ జాకెట్టు తొందర్లేదులే అప్పా" అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. అది అప్పటికే కుట్టేశాను. హుక్కులొక్కటే మిగిలాయి.

ఆ బుధవారమే కనకవల్లిగారు పిలిపిస్తే రోలుగుంట నించి ఇద్దరు కూలీలు తుప్పలు కొట్టడానికి వచ్చారు. హరిబాబు ఎదురై, తన చెప్పు కథ చెప్పాడు. వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్ళిపోయారు. మిగిలింది గురువారం ఒక్కటే.

గురువారం సాయంత్రం ఏడున్నరకి కరెంటు పోయింది.

మాస్టారు దానికోసమే కాచుకుని ఉన్నారు. గుడి దాకా వెళ్ళొస్తానని ఇంట్లో చెప్పి, ఇంటి వెనకనించి తిరిగొచ్చి, తుప్పల్లో తూర్పు వైపు దూరారు. ముళ్ళకి రెయిన్‌కోటు. చీమలకి మంకీక్యాప్. చేతిలో కొత్తగా కొన్న పెద్ద కత్తెర. తెల్లారేసరికి పందిరికి పట్టినంత చోటు ఖాళీ చెయ్యాలి. తను చేశానని పక్కింట్లో తెలియకూడదు.

పడమటి వైపు నుంచి పరదేశి దూరాడు. మోటారు చూసొస్తానని దుర్గాదేవికి చెప్పాడు. కళ్ళకీ చేతులకీ కన్నాలు పెట్టిన గోనెసంచి నెత్తి మీంచి మోకాళ్ళ దాకా తొడుక్కున్నాడు. చేతిలో చెరుకు నరికే కత్తి. వాడి ఆలోచనా అదే. లల్లికి పందిరి పడాలి, కొట్టింది వాడని తెలియకూడదు. దెయ్యమే కొట్టిందనుకుంటారులే అని ధైర్యం. ఆ దెయ్యం అప్పుడు ఇంట్లో ఉంటుందేమోనన్న సంగతి లోపలికి దూరాక గానీ తట్టలేదు.

కత్తెర కిర్రుమంది.

పరదేశి ఆగాడు. విన్నాడు. ఏమీ లేదు. కత్తి వేశాడు... చర్... చర్...

మాస్టారు ఆగారు. విన్నారు. ఏమీ లేదు. కత్తెర ఆడించారు... కిర్ర్... కిర్ర్...

ఒకరు ఆగితే రెండోవాళ్ళూ ఆగుతారు. ఒకరు మొదలెడితే రెండోవాళ్ళూ మొదలెడతారు. కాసేపటికి ఇద్దరికీ ఒకటే అర్థమైంది. తుప్పల నడుమ ఏదో ఉంది. అది తను చేసినట్టల్లా చేస్తోంది.

పరదేశి వెనక్కి జరగబోయాడు. గోనెసంచి కాగితం పూల ముళ్ళకి చిక్కుకుంది. లాగితే ఇంకా బిగిసింది. ఇంటికి కేక వేద్దామంటే దుర్గాదేవి వీధరుగు మీద కూర్చుని నలుగురితో కబుర్లాడుతోంది, అక్కడికి వినబడదు. దగ్గరున్నది మాస్టారి ఇల్లే. ఎనిమిది నెలలుగా మాటల్లేవు. అయినా ప్రాణం ముందు పంతమేమిటి? లోపలున్నది లేవకుండా, గుసగుసగా పిలిచాడు.

"మాస్టారూ..."

కాసేపాగి, ఇంకోసారి.

"మాస్టారూ..."

మూడోది గొంతులోనే ఎండిపోయింది.

అక్కడికి ఆరడుగుల దూరంలో, రెయిన్‌కోటు లోపల, లక్ష్మీనరసింహం మాస్టారికి చెమటలు పట్టాయి. తుప్పల నడిబొడ్డు నించి ఏదో తనని పిలిచింది. వేళ్ళు ముడిచారు. ఒకటి... రెండు... మూడోది వస్తుందని ఊపిరి బిగపట్టి చూశారు. రాలేదు. లేచి పరుగెత్తబోతే రెయిన్‌కోటు వెనకనించి ఎవరో పట్టుకున్నట్టు లాగింది. ముల్లే. కానీ ముల్లని అప్పుడు ఆయనకెవరు చెబుతారు?

ఇంట్లో కనకవల్లిగారు ఫోన్లో ఉన్నారు. మాడుగుల చెల్లెలితో పెళ్ళివారికి హల్వా ఎన్ని కేజీలో మాట్లాడుతున్నారు. ఆ ఫోను ఎప్పుడయ్యేను? మాస్టారు పడమటి వైపు మొహం తిప్పి, ధైర్యమంతా కూడదీసుకుని, గుసగుసగా పిలిచారు.

"పరదేశీ..."

గాలి కూడా లేదు.

"పరదేశీ..."

మూడోసారి పిలవబోతే ఆ రిజిస్టర్ పోస్టు గుర్తొచ్చి నోరు పెగల్లేదట. ఆ మాట ఆయన నాతో చెప్పలేదు, కనకవల్లిగారితో చెప్పారు. ఆవిడ నాతో చెప్పారు.

ఇటు గోనెసంచిలో పరదేశి కూడా వేళ్ళు ముడిచాడు. ఒకటి. రెండు. మూడోది లేదు. కత్తి పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఇద్దరూ కదల్లేదు. గండుచీమలు కాళ్ళెక్కాయి, అయినా కదల్లేదు. వీధరుగు మీద ఎవరో నవ్వుతున్నారు. ఎక్కడో కుక్క రెండుసార్లు మొరిగి అదీ ఊరుకుంది. దాని మూడో మొరుగు కోసం కూడా మాస్టారు కాసేపు చూశారట.

అప్పుడు... వచ్చింది. మూడో పిలుపు.

మాస్టారికి తన పేరు స్పష్టంగా వినిపించింది. పరదేశికి తన పేరు స్పష్టంగా వినిపించింది. మూడోది వచ్చిందంటే మనిషే. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ ఒకేసారి పలికారు.

"ఆఁ... ఇక్కడున్నాను."

మాస్టారు సెల్‌ఫోన్ లైటు వేశారు. ఎదురుగా తల లేని గోనెసంచి, దాని చేతిలో కత్తి. పరదేశికి కనిపించింది కళ్ళు మాత్రమే ఉన్న మంకీక్యాప్, దాని చేతిలో కత్తెర. అప్పుడు ఇద్దరూ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. అరుగు మీదివాళ్ళంతా లోపలికి పోయి తలుపులేసుకున్నారు. వెళ్ళి చూద్దామన్న మనిషి ఒక్కరూ లేరు.

కేక అయ్యాక గోనెసంచి మెల్లగా పైకి లేచింది. "మాస్టారూ... మీరా?" అంది.

మంకీక్యాప్ కిందికి దిగింది. మాస్టారు పరదేశిని చూశారు. వాడి కత్తి చూశారు. నరికి పడేసిన కొమ్మలు చూశారు. పడమటి నించి తూర్పుకి, సగం తుప్పలు వాడే కొట్టేశాడు. ఆయనకి ఎందుకు కొట్టాడని అడగాల్సిన పనిలేకపోయింది.

"పరదేశీ" అన్నారు. "లల్లి పెళ్ళికి రా."

శుభలేఖ లేదు, బొట్టు లేదు. నిలబడ్డ చోట నించి కదలడానికి కూడా లేదు.

"తుప్పల్లో పిలుస్తన్నారేటి మాస్టారూ" అన్నాడు పరదేశి.

"ఇక్కడే కదా పలికావు" అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఒకరి ముళ్ళు ఒకరు విడదీసుకుని, ఎమర్జెన్సీ లైటు తెచ్చుకుని, ఇద్దరూ కలిసి కొట్టారు. దెయ్యం సామానంతా బయటపడింది. హరిబాబు చెప్పు దొరికింది. తెల్లచీర దొరికింది. అది కనకవల్లిగారి దుప్పటి. ఆరేసిన తీగతో సహా తుప్పలు మింగేశాయి గదా, తీసుకురావడానికి ఎవరికీ ధైర్యం లేక అక్కడే ఊగుతూ ఉండిపోయింది. హరిబాబుని పిలిచింది ఎవరో కూడా తేలింది. దుర్గాదేవి. టీవీ రావట్లేదని పెరట్లోంచి రెండుసార్లు పిలిచి, పలకడం లేదని విసుక్కుని లోపలికి పోయిందట.

చివరికి సరిహద్దు రాయి దొరికింది. మాస్టారు లెక్కల మనిషి కదా, టేపు తెచ్చి కొలిచారు. ఒకసారి కొలిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. గోరింట మొదళ్ళన్నీ రాయికి తూర్పున ఉన్నాయి. అంటే మాస్టారి స్థలంలో. అచ్చియ్యమ్మ పాతినప్పుడే జానెడు అటు జరిపి పాతింది. ఆ లెక్కన ఎనిమిది నెలల కిందట మాస్టారు రిజిస్టర్ పోస్టు పంపాల్సింది మాస్టారికే. పరదేశి నవ్వాపుకోలేక గోనెసంచి మళ్ళీ తొడుక్కున్నాడు.

ఒక్క మొక్క మాత్రం ఉంచారు. అన్నిటికన్నా పాతది. దాన్ని నడుమెత్తుకి కత్తిరించి వదిలేశారు. దాని ఆకు కోసి రాత్రికి రాత్రే దుర్గాదేవి రుబ్బి లల్లి చేతులకి పెట్టింది. నేను రాత్రంతా కూర్చుని ఆకుపచ్చ జాకెట్టుకి హుక్కులు కుట్టాను.

ఇంతటితో అయిపోతే ఇది దెయ్యం కథ కాదు.

శుక్రవారం పొద్దున చెరుకు గడల పందిరి కింద టీలు తాగుతున్నాం. లల్లి కుర్చీలో కూర్చుంది, అరచేతులు ఎర్రగా పండాయి. మాస్టారు మంచి హుషారుగా ఉన్నారు. రాత్రి సంగతి పదోసారి చెబుతూ, "ఎంతైనా ముందు నువ్వే మెత్తబడ్డావు పరదేశీ. మూడోసారి నువ్వే కదా పిలిచావు" అన్నారు.

"నేనెక్కడ పిలిసేను? నాకు రెండుకే నోరెండిపోయింది. మూడోది పిలిసింది మీరు" అన్నాడు పరదేశి.

"నేనా? నేనూ రెండేనయ్యా పిలిచాను. నువ్వే పిలిచావు. చక్కగా విన్నాను."

"నేను ఇన్నాను మాస్టారూ. మీరే."

ఇలా కాదని కనకవల్లిగారు కల్పించుకున్నారు. ఏమని పిలిచాడో చెప్పండి, తేలిపోతుంది అన్నారు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "నర్సింవం బాబూ, అని" అన్నారు.

పరదేశి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మిమ్మల్ని నేనెప్పుడూ మాస్టారూ అనే కదా పిలుస్తాను" అన్నాడు మెల్లగా. "నర్సింవం బాబూ అన్నది ఈ లోకంలో మా యమ్మొక్కతే."

మాస్టారు వాడి వైపు తిరిగారు. "మరి నిన్ను... నిన్నేమని పిలిచాను?"

"ఒరే పరదేశిగా, పలకవేట్రా... అని."

"నేను నిన్ను ఎప్పుడైనా ఒరే అన్నానా, పరదేశీ?"

అనలేదు. ఎవర్నీ అనరు. కాలేజీలో పిల్లల్ని కూడా మీరు అనే మనిషి ఆయన.

తర్వాత అందరూ నా వైపు తిరిగారు. ఎదురింట్లో ఉన్నది నేనే గదా, అచ్చియ్యమ్మ గొంతు అనుకరించి అందర్నీ నవ్వించేదీ నేనే. కానీ గురువారం సాయంత్రం నేను లైనింగు గుడ్డ కోసం వడ్డాది వెళ్ళాను. ఆఖరి బస్సు దిగేసరికి ఎనిమిదిన్నర. కండక్టరు ఉన్నాడు, అడగొచ్చు. కనకవల్లిగారు ఫోన్లో ఉన్నారు, మాడుగుల చెల్లెలు సాక్ష్యం. దుర్గాదేవి వీధరుగు మీద నలుగురి మధ్య ఉంది. మిగిలింది ఎవరు?

మాస్టారు ఆ ఒక్క గోరింట మొక్క వైపు చూశారు. దెయ్యాలున్నాయని ఆయన అనలేదు. ఇప్పటికీ అనరు. లేచి లోపలికి వెళ్ళి ఒక శుభలేఖ తెచ్చారు. పెన్ను తీసి దాని మీద, శ్రీమతి అచ్చియ్యమ్మగారికి, అని రాశారు. ఆ ఇంటికి ఒక పిలుపు తక్కువైందన్నారు, అంతే.

కనకవల్లిగారు నాలుగు మూలలా పసుపు అంటించి, మొక్క మొదట్లో బొట్టు పెట్టి, పై కొమ్మకి శుభలేఖ కట్టారు. తర్వాత నెమ్మదిగా పిలిచారు. "అచ్చియ్యమ్మా, లల్లి పెళ్ళికి రావాలి." రెండోసారి పిలిచారు. మూడోసారీ పిలిచారు. పగలే గానీ, అందరం ఆ మొక్క వైపే చూశాం. ఎవరూ పలకలేదు. పరదేశి కళ్ళు తుడుచుకుని, చెరుకు గడ కట్టు వదులైందని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే కొమ్మకి దారం ఉంది, ముడి విప్పి ఉంది. శుభలేఖ లేదు.

ఏ మేకో తినేసి ఉంటుందని మాస్టారంటారు. మా వీధిలో ఎవరికీ మేక లేదు.